42కీ 72కీ మధ్య

మా పిన్ని కూతురికి మూడోసారి కడుపు పోయాక ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారు. ఈసారి నెల తప్పగానే ఆస్పిరిన్ బిళ్ళతో పాటు పొట్టమీద హెపారిన్ సూది కూడా మొదలుపెట్టాలన్నారు ఒకరు. సూది అక్కర్లేదు, బిళ్ళ ఒక్కటే చాలని తేలిపోయింది అన్నారు ఇంకొకరు. ఇద్దరూ పరిశోధనల పేరే చెప్పారు. "ఇద్దరూ పెద్ద చదువులు చదివినవాళ్ళే కదక్కా, మరి ఎవరిది తప్పు?" అని ఫోనులో అడిగింది. నేను డాక్టర్ని కాను. పుస్తకాలను పక్కపక్కన పెట్టుకుని చదివి రాయడం నా పని. అందుకే ఆ రెండు మాటలూ ఎక్కడ పుట్టాయో వెతికాను. రెండూ ఇంగ్లండులోనే పుట్టాయి, ఐదేళ్ళ తేడాలో.

మొదటిది 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో, మళ్ళీమళ్ళీ గర్భం పోయేవాళ్ళ కోసం నడిచే క్లినిక్‌లో చేసిన పరిశోధన. రాజ్ రాయ్, హానా కోహెన్, లెస్లీ రీగన్ బృందం రాసింది. రెండోది 2002లో ఆబ్‌స్టెట్రిక్స్ అండ్ గైనకాలజీ పత్రికలో వచ్చింది. లివర్‌పూల్‌కి చెందిన రాయ్ ఫార్కర్సన్, షవాన్ క్వెన్బీ, వాళ్ళతో పాటు రక్తవ్యాధుల నిపుణుడు మైక్ గ్రీవ్స్ రాశారు. రెండూ ఒకే జబ్బు గురించి, ఒకే ప్రశ్నతో: ఆస్పిరిన్ ఒక్కటే ఇవ్వాలా, దానికి రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ జోడించాలా?

ఆ జబ్బు పేరు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. ఒంట్లోకి వచ్చే క్రిముల మీద పోరాడాల్సిన యాంటీబాడీలు, కణాల పైపొరలో ఉండే కొవ్వు పదార్థాలకు అంటుకునే మన సొంత ప్రోటీన్ల మీదకే తిరగబడతాయి. అప్పుడు రక్తం అనవసరమైన చోట గడ్డకడుతుంది. కొందరికి కాలి సిరలో, కొందరికి మెదడులో. గర్భిణిలో దెబ్బ తగిలేది మాయకి. మొదటి మూడు నెలల్లోనే కడుపు పోవచ్చు. ఐదో నెలలోనో ఆరో నెలలోనో అంతా బాగుందనుకున్న బిడ్డ గుండె ఆగిపోవచ్చు. తల్లికి బీపీ పెరిగి గుర్రపువాతం రావచ్చు, బిడ్డ ఎదగకపోవచ్చు, నెలలు నిండకుండానే కాన్పు చేయాల్సిరావచ్చు. ఈ లక్షణాలన్నిటినీ ఒక జబ్బుగా గుర్తించి లండన్ వైద్యుడు గ్రహమ్ హ్యూజ్ 1983లో రాశాడు. అంతకు ముందు ఇలాంటి తల్లులు ఎందరో ఎందుకు జరిగిందో తెలియకుండానే పిల్లల్ని పోగొట్టుకున్నారు. మన ఊళ్ళలో నాగదోషమనేవారు, నాగప్రతిష్ఠ చేయించేవారు. చేయించిన వాళ్ళ బాధని నేను తక్కువ చేసి మాట్లాడను. కారణం చెప్పేవాళ్ళెవరూ లేనప్పుడు మనిషి ఏదో ఒక కారణాన్ని పట్టుకుని నిలబడాలి కదా.

ఇప్పుడు లండన్ వ్యాసం. 90 మంది స్త్రీలు. వాళ్ళ మధ్యస్థ వయసు 33. వరసగా పోయిన గర్భాలు కనీసం మూడు, మధ్యస్థంగా నాలుగు, ఒకామెకు పదిహేను. ఆ పదిహేను దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బ్రాకెట్లో ఒక అంకెగా ఉన్నదాని వెనక ఒక మనిషి పదిహేను సార్లు ఆశపడింది. అందరికీ గర్భం నిర్ధారణ కాగానే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మొదలుపెట్టారు. స్కానింగులో బిడ్డ గుండె కొట్టుకోవడం కనబడ్డాక చీటీలు తీసినట్టుగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపు ఆస్పిరిన్ మీదే కొనసాగింది. రెండో గుంపుకి 12 గంటలకొకసారి 5000 యూనిట్ల హెపారిన్ సూది తోడైంది. 34వ వారం వరకు అలాగే. చివరికి ఆస్పిరిన్ గుంపులో 45 మందిలో 19 మందికి బిడ్డ చేతికొచ్చింది, అంటే 42 శాతం. సూది కూడా వేసుకున్న 45 మందిలో 32 మందికి, అంటే 71 శాతం.

లివర్‌పూల్ వ్యాసం. 98 మంది. 12వ వారంలోపు గుంపులు చేశారు. ఆస్పిరిన్ అదే 75 మిల్లీగ్రాములు. సూది మాత్రం కొత్త రకం, తక్కువ అణుభారం ఉన్న హెపారిన్, రోజుకి ఒక్కసారి 5000 యూనిట్లు. ఆస్పిరిన్ గుంపులో 47 మందిలో 34 మందికి బిడ్డ దక్కింది, 72 శాతం. సూది గుంపులో 51 మందిలో 40 మందికి, 78 శాతం. ఈ తేడా లెక్కలోకి తీసుకునేంతది కాదన్నారు.

మా చెల్లెలికి ఎదురైన ఇద్దరు డాక్టర్లూ ఈ రెండు వ్యాసాల చివరి వాక్యాలను చెప్పారు. సూది పనిచేస్తుంది, సూది అక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా సమీక్షల్లోనూ ఈ రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టడమే అలవాటు. కానీ నాలుగు అంకెల్నీ ఒక కాగితం మీద రాసి చూడండి. సూది గడిలో 71, 78. ఇవి దాదాపు ఒకటే. రెండు ఊళ్ళు, రెండు రకాల హెపారిన్, అయినా సూది గుంపు కథ ఒకేలా నడిచింది. తేడా అంతా ఆస్పిరిన్ గడిలో ఉంది. అదే బిళ్ళ, అదే మోతాదు. లండన్‌లో 42, లివర్‌పూల్‌లో 72. ఇంగ్లండులో ఒక నగరం నుంచి ఇంకో నగరానికి వెళ్ళినంత మాత్రాన ఆస్పిరిన్ బలం పెరగదు. అంటే ఈ రెండు వ్యాసాలూ తగవుపడుతున్నది హెపారిన్ గురించి కానే కాదు. ఆ బిళ్ళ మింగిన ఆడవాళ్ళు ఒకే రకం వాళ్ళా కాదా అన్నదాని గురించి.

ఈ అనుమానాన్ని గట్టిపరిచేవి మరో రెండు చిన్న అధ్యయనాలు. లండన్ బృందమే 1995లో, ఏ మందూ తీసుకోని 20 మందిని గమనించి రాసింది. అందరికీ యాంటీబాడీలున్నాయి, అందరికీ గర్భాలు పోయిన చరిత్ర ఉంది. 20 మందిలో 18 మందికి మళ్ళీ పోయింది. ఇద్దరికే బిడ్డలు. 2000లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో ప్యాటిసన్ బృందం ఆస్పిరిన్‌కీ, మందు లేని ఉత్తుత్తి బిళ్ళకీ పోటీ పెట్టింది. ఆస్పిరిన్ మింగిన 20 మందిలో 16 మందికి బిడ్డలు పుట్టారు. ఉత్తుత్తి బిళ్ళ మింగిన 20 మందిలో 17 మందికి పుట్టారు. ఒకచోట మందు లేకుండా 20లో 2. ఇంకోచోట మందు లేకుండా 20లో 17. రెండుచోట్లా కాగితం మీద జబ్బు పేరు ఒకటే. నిజంగా ఒకే జబ్బైతే ఇంత దూరం ఎలా వస్తుంది? చిన్న గుంపుల్లో అదృష్టం పాలు ఎక్కువే. అయినా రెండుకీ పదిహేడుకీ మధ్య దూరాన్ని అదృష్టం ఒక్కటే మోయలేదు.

కాబట్టి వెనక్కి, పరీక్ష గదిలోకి వెళ్ళాలి. ఈ జబ్బుని పట్టుకునేది మూడు రక్తపరీక్షలతో. యాంటీకార్డియోలిపిన్ ఒకటి, బీటా-2 గ్లైకోప్రోటీన్-1 యాంటీబాడీ ఇంకొకటి, లూపస్ యాంటీకోయాగ్యులెంట్ మూడోది. మూడోదాని పేరు తప్పుదారి పట్టిస్తుంది. యాంటీకోయాగ్యులెంట్ అంటే గడ్డకట్టనివ్వనిది. పరీక్షనాళికలో అది నిజంగానే రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుంది, ఒంట్లో మాత్రం గడ్డలు కట్టిస్తుంది. పరీక్షలో అది కనబడిన చాలామందికి లూపస్ జబ్బే ఉండదు. రిపోర్టులో ఆ మాట చూసి మా చెల్లెలు తనకి లూపస్ వచ్చిందనుకుని రెండు రోజులు అన్నం ముట్టలేదు. కార్డియోలిపిన్ కథ ఇంకా పాతది. 1941లో అమెరికా శాస్త్రవేత్త మేరీ పాంగ్‌బార్న్ ఎద్దు గుండె నుంచి దాన్ని వేరుచేసింది. సిఫిలిస్ పరీక్షకి అదే ముడిసరుకైంది. గర్భిణులందరికీ మన దగ్గర మామూలుగా చేసే వీడీఆర్‌ఎల్ పరీక్ష ఆ వంశానిదే. అందుకే సిఫిలిస్ లేకపోయినా వీడీఆర్‌ఎల్ పాజిటివ్ వచ్చే వాళ్ళలో కొందరికి అసలు ఉన్నది ఈ యాంటీబాడీలు. అలాంటి కాగితం పట్టుకుని అత్తింట్లో తలదించుకున్న అమ్మాయిలు ఎందరుంటారో తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

కార్డియోలిపిన్ యాంటీబాడీలు కొద్దిగా ఉండటం పెద్ద వింత కాదు. ఏదైనా జ్వరం వచ్చి తగ్గిన తర్వాత కొన్నాళ్ళు కనబడి పోతాయి కూడా. అందుకే 2004లో సిడ్నీలో కూర్చున్న నిపుణులు 2006లో ప్రచురించిన నిబంధనల్లో రెండు గీతలు గీశారు. కనీసం 12 వారాల ఎడంతో రెండుసార్లు పరీక్ష పాజిటివ్ రావాలి. కార్డియోలిపిన్ అంకె 40 యూనిట్లు దాటాలి, లేదా ఆరోగ్యవంతుల్లో 99 శాతం మందికంటే ఎక్కువ ఉండాలి. ఈ గీత గీసి చూస్తే లండన్‌ వ్యాసమూ, లివర్‌పూల్‌ వ్యాసమూ రెండూ ఇబ్బందిలో పడతాయి. రెండూ అంతకంటే బాగా తక్కువ అంకెలున్నవాళ్ళని కూడా చేర్చుకున్నాయి. ఈ మాట చాలా సమీక్షల్లో లివర్‌పూల్ మీద నేరంగా వినిపిస్తుంది, లండన్ విషయంలో మెల్లగా జారిపోతుంది. నాకది న్యాయంగా అనిపించలేదు. ఒకే తూకంరాయి రెండు తక్కెళ్ళకీ వాడాలి. అయితే లండన్ క్లినిక్‌కి వచ్చినవాళ్ళ చరిత్ర మరింత బరువైనది. మందు లేకపోతే 20లో 18 పోయే గుంపుని వాళ్ళు అంతకు ముందే చూశారు. లివర్‌పూల్ గుంపులో ఆస్పిరిన్ ఒక్కదానితోనే 72 శాతం గట్టెక్కారంటే, అక్కడ చేరిన వాళ్ళలో జబ్బు తేలికైనవాళ్ళు, అసలు జబ్బే లేనివాళ్ళు ఎక్కువగా ఉండి ఉంటారని నా అభిప్రాయం. నిప్పు లేని చోట నీళ్ళు పోసినా ఒకటే, పోయకపోయినా ఒకటే.

లివర్‌పూల్ మీద ఇంకో అభ్యంతరం ఉంది, అది వ్యాసం తనంతట తానే చెప్పింది. దాదాపు నాలుగో వంతు మంది తమకు పడిన గుంపులో ఉండలేదు. సూది వద్దనుకున్నవాళ్ళు ఇటు వచ్చారు, బిళ్ళ చాలదని భయపడ్డవాళ్ళు అటు వెళ్ళారు. లెక్క మాత్రం మొదట పడిన గుంపు ప్రకారమే కట్టారు. అది సరైన పద్ధతే, కానీ ఇంతమంది గట్లు దాటినప్పుడు రెండు గుంపులూ ఒకదానిలా ఒకటి కనబడక తప్పదు. నేను దీన్ని తప్పుగా ఎంచలేను. మూడు గర్భాలు పోయిన మనిషి చేతికి చీటీ ఇచ్చి, నీకు సూది రాలేదమ్మా, పక్కనున్న ఆమెకు వచ్చింది అంటే ఆమె ఊరుకుంటుందా? పరిశోధనకి కావాల్సిన క్రమశిక్షణకీ, కడుపులో బిడ్డ కోసం తల్లి పడే ఆరాటానికీ మధ్య ఇక్కడ నిజమైన ఘర్షణ ఉంది. లివర్‌పూల్ వ్యాసం ఆ ఘర్షణని దాచకుండా అంకెల్లో పెట్టింది.

లండన్‌కి కూడా ఒక లోటుంది. ఎవరికి సూది పడుతోందో అటు డాక్టరుకీ తెలుసు, ఇటు తల్లికీ తెలుసు. రోజుకి రెండుసార్లు సూది వేసుకునే ఆమెకి క్లినిక్ మీద నమ్మకం, చూపే శ్రద్ధ కూడా ఎక్కువే అయివుండొచ్చు. రెండు వ్యాసాల్లోనూ ఏ మందూ లేని మూడో గుంపు లేదు. అందువల్ల ఆస్పిరిన్ తనంతట తాను ఏం చేసిందో రెండూ చెప్పలేవు. పోయిన గర్భాల్లో కొన్ని బిడ్డ క్రోమోజోముల్లోనే లోపం ఉండి పోయినవి అయివుంటాయి. వాటిని ఏ సూదీ ఆపలేదు.

అయినా ఒక్క విషయంలో లండన్ వ్యాసం నా మనసు గెలుచుకుంది. అది బిడ్డల్ని లెక్కపెట్టి ఊరుకోలేదు, తల్లి ఎముకల్ని కూడా చూసింది. హెపారిన్ ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారే ప్రమాదముందని తెలుసు కాబట్టి వెన్నెముక సాంద్రతను కొలిచారు. సూది గుంపులో మధ్యస్థంగా 5.4 శాతం తగ్గింది. గర్భం వల్ల కూడా ఎముక కొంత తగ్గుతుంది, మొత్తం సూది నెత్తిన వేయలేం. కానీ గెలిచిన మందుకి తల్లి చెల్లించిన వెల ఎంతో అదే పేజీలో రాయడం నాకు గొప్పగా తోచింది. ఏడో వారం నుంచి 34వ వారం దాకా అనుకుంటే 27 వారాలు, రోజుకి రెండు చొప్పున 378 సూదులు. లివర్‌పూల్ పద్ధతిలో అది సగానికి తగ్గింది. తక్కువ అణుభారం హెపారిన్ ఎముకల మీద మెత్తగా ఉంటుంది, రోజుకి ఒక్కసారి చాలు. ఇవాళ మన దగ్గర వాడుతున్నది ఆ రకమే. అంటే ముగింపు వాక్యంలో ఓడిపోయిన లివర్‌పూల్ సూదే వాడుకలో గెలిచింది. లండన్ చెప్పిన మాట నిలిచింది, లివర్‌పూల్ వాడిన మందు నిలిచింది. రెంటినీ కలిపి చదివితేనే ఇవాళ్టి వైద్యం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

వీటికి ముందు ఏం జరిగేదో ఒక్కమాట. 1980లలో ఈ తల్లులకి స్టెరాయిడ్లిచ్చేవారు. యాంటీబాడీల మీద కోపంతో ఒంటి రక్షణ వ్యవస్థనే అణచాలన్న ఆలోచన. 1997లో కెనడాకి చెందిన లాస్కిన్ బృందం, యాంటీబాడీలున్న 202 మంది మీద ప్రెడ్నిసోన్, ఆస్పిరిన్ కలిపి పరీక్షించింది. బిడ్డ దక్కడం 65 శాతం, ఉత్తుత్తి బిళ్ళ గుంపులో 56 శాతం, పెద్ద తేడా లేదు. కానీ నెలలు నిండకుండా పుట్టడం మందు గుంపులో 62 శాతం, రెండో గుంపులో 12 శాతం. ఆ ఒక్క పోలికతో ఆ దారి దాదాపు మూసుకుపోయింది. మంచి అంకెలంటే ఇలా ఉండాలి, ఒక తరం తల్లుల్ని అనవసరమైన మందు నుంచి తప్పించాయి.

రక్తం పలచబడటం వల్లే గర్భం నిలుస్తోందా అన్నది కూడా తేల్చుకోవాల్సిన ప్రశ్నే. 2004లో న్యూయార్క్‌లో గిరార్డి, జేన్ సాల్మన్ బృందం ఎలుకలకి ఈ జబ్బు తెప్పించి చూసింది. హెపారిన్ ఇచ్చిన ఎలుకలు పిల్లల్ని నిలుపుకున్నాయి. గడ్డకట్టడాన్ని ఆపే వేరే మందులిచ్చినవి నిలుపుకోలేదు. హెపారిన్ చేస్తున్న మేలు ఒంట్లో కాంప్లిమెంట్ అనే మంట పుట్టించే వ్యవస్థని ఆపడమని వాళ్ళు చూపించారు. ఇది తెలిశాక లండన్ వ్యాసంలోని ఒక ముక్క కొత్తగా వెలిగింది. అక్కడ పోయిన గర్భాల్లో 90 శాతానికి పైగా మొదటి మూడు నెలల్లోనే పోయాయి. 13 వారాలు దాటిన గర్భాల్లో సూది ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ తేడా లేదు. మాయలో పెద్ద రక్తనాళాలు ఇంకా పూర్తిగా ఏర్పడని దశలోనే మందు మేలు చేసిందంటే, అది గడ్డల మీద మాత్రమే జరిగిన పని అయివుండదు.

అదే ముక్క ఇంకో చేదు సంగతి కూడా చెబుతుంది. 13 వారాల తర్వాత వచ్చే కష్టాల గురించి ఈ రెండు వ్యాసాల దగ్గర చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. లండన్‌లో బతికి పుట్టిన 51 మంది బిడ్డల్లో 12 మంది 37 వారాలు నిండకుండానే పుట్టారు, దాదాపు నాలుగో వంతు. రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు ఈ అధ్యయనాల్లో లేరు. వాళ్ళకి వేరే లెక్క. నివారణ మోతాదు చాలదు, గర్భమంతా పూర్తి మోతాదు సూది కావాలి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ బిళ్ళ మీద ఉన్న అమ్మాయి అయితే నెల తప్పగానే, ఆరో వారంలోపే, సూదికి మారాలి. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య వార్ఫరిన్ బిడ్డ ఎముకల్నీ ముక్కునీ దెబ్బతీస్తుంది. హెపారిన్ మాయ దాటి బిడ్డని చేరదు. కాన్పయ్యాక గడ్డల ప్రమాదం ఇంకా పెరుగుతుంది కాబట్టి సూదిని ఆరు వారాలపాటు కొనసాగిస్తారు. బిడ్డ పుట్టిన సంతోషంలో ఈ ఆరు వారాలనే ఎక్కువమంది మరిచిపోతారు. పురిటి గదిలో అమ్మనో అత్తగారినో కూర్చోబెట్టి ఈ మాట చెప్పడం ఏ పరిశోధన కంటే తక్కువ పని కాదు.

వ్యాసాల తర్వాత కూడా కథ నడిచింది. 2020లో కోక్రేన్ సమీక్ష ఐదు అధ్యయనాల్లోని 1295 మందిని కలిపి చూసి, ఆస్పిరిన్‌కి హెపారిన్ జోడిస్తే బిడ్డ దక్కే అవకాశం 1.27 రెట్లు కావచ్చంది, సాక్ష్యం బలం తక్కువని కూడా ఒప్పుకుంది. 2023లో వచ్చిన మరో పెద్ద ట్రయల్‌కి లివర్‌పూల్ వ్యాసం రాసిన షవాన్ క్వెన్బీయే ముందు నిలిచింది. వారసత్వంగా గడ్డకట్టే గుణం ఉండి, గర్భాలు పోయిన 326 మందిని తీసుకున్నారు. వీళ్ళకి ఈ యాంటీబాడీల జబ్బు లేదు. సూది వేసుకున్నవాళ్ళలో 72 శాతం, వేసుకోనివాళ్ళలో 71 శాతం బిడ్డలతో ఇంటికెళ్ళారు. నా దృష్టిలో ఇది 2002 వ్యాసానికి ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత అదే చెయ్యి రాసిన వ్యాఖ్యానం. సరైన మనిషికి కానప్పుడు హెపారిన్ ఏమీ చేయదు. వారసత్వ గుణం వేరు, ఈ యాంటీబాడీలు వేరు. ఆ తేడా చూడకుండా కడుపు పోయిందన్న ప్రతివారికీ ఎకోస్ప్రిన్ అనే ఆస్పిరిన్ బిళ్ళ, ఒక సూదుల పెట్టె రాసేయడం మన దగ్గర కూడా కనబడుతోంది. సూది ఒక్కొక్కటీ వందల్లో ఉంటుంది. ఆరేడు నెలలు రోజూ అంటే మామూలు ఇంటికి అప్పు. అది నిజంగా కావాల్సిన వాళ్ళ ఇంట్లో ఆ అప్పు పిల్లవాడై తిరుగుతుంది. అక్కర్లేని ఇంట్లో అప్పుగానే మిగులుతుంది.

ఇంకో పొరపాటు ఇంతకంటే మెల్లగా జరుగుతుంది. ముందు సూది మొదలుపెట్టి తర్వాత లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్షకి పంపడం. హెపారిన్ ఆ పరీక్షని కలవరపెడుతుంది. రక్తం తీశాక వెంటనే ప్లేట్‌లెట్లను వేరుచేయాల్సిన పరీక్ష అది. ఊళ్ళో తీసి ఎండలో బస్సు మీద పంపితే ఆ ఫలితాన్ని నమ్మలేం. ఈ మూడు పరీక్షల్లో దీనికే ఎందుకింత జాగ్రత్తంటే, 2012లో అమెరికాలో ప్రామిస్ అధ్యయనం తేల్చినదాన్ని బట్టి. 12 వారాలు దాటిన గర్భాల్లో ఎవరికి ప్రమాదం అని చూస్తే, లూపస్ యాంటీకోయాగ్యులెంట్ ఉన్నవాళ్ళలో 39 శాతానికి కష్టం వచ్చింది. తక్కిన యాంటీబాడీలు మాత్రమే ఉన్నవాళ్ళలో 3 శాతానికే. ఈ ఒక్క అంకె 1997లోనే తెలిసి ఉంటే 42కీ 72కీ మధ్య దూరాన్ని అప్పుడే కొలవగలిగేవాళ్ళం. రెండు ఊళ్ళలోనూ ఎవరికి ఏ యాంటీబాడీ ఎంత ఉందో దాని ప్రకారం విడదీసి ఫలితాలు చూపించి ఉంటే ఇరవై ఏళ్ళ వాదం సగం తగ్గేది. 2023లో అమెరికా, యూరప్ కీళ్ళవాత సంఘాలు కలిసి పరిశోధనల కోసం కొత్త కొలబద్ద తెచ్చాయి. దాని ప్రకారం మొదటి నెలల్లో పోయిన గర్భాలకి చాలా తక్కువ బరువు. పదో వారంలోపే పోయిన చరిత్ర తప్ప వేరే ఏమీ లేనివాళ్ళకి ఇక ముందు ఇలాంటి పరిశోధనల్లో చోటు దొరకడం కష్టం. లండన్‌లోనూ లివర్‌పూల్‌లోనూ చేరినవాళ్ళలో చాలామంది ఆ గడప దాటలేరు. గీతలు కచ్చితం కావడం నాకు ఇష్టమే. ఆ గీత అవతల మిగిలిపోయే వాళ్ళని ఎవరు చూస్తారన్నది మాత్రం నన్ను వదలని దిగులు.

రెండు వ్యాసాల్లోనూ సూది గుంపులో ఉండి కూడా బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళున్నారు. లండన్‌లో 13 మంది, లివర్‌పూల్‌లో 11 మంది. ఆ 24 మంది గురించి శాతాలు ఏమీ చెప్పవు. వాళ్ళ కోసమే ఇప్పుడు వేరే దారులు వెతుకుతున్నారు. మలేరియాకి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ని గర్భానికి ముందు నుంచే ఇచ్చి చూస్తున్నారు. ఎలుకల్లో హెపారిన్ రహస్యం చూపిన జేన్ సాల్మన్ బృందమే, లూపస్ యాంటీకోయాగ్యులెంట్ ఉన్న తల్లులకి సెర్టోలిజుమాబ్ అనే మందు జోడించి ఆశ కలిగించే ఫలితాలు చూసింది. పోల్చడానికి రెండో గుంపు లేని చిన్న అధ్యయనమది. దాన్ని కూడా ఒకరోజు ఇంకో ఊరి వ్యాసం పక్కన పెట్టి చదవాల్సిందే.

మా చెల్లెలికి ఇవన్నీ చెప్పలేదు. ఫైలు తెమ్మన్నాను. మొదటి పరీక్ష కడుపు పోయిన మూడు వారాలకే చేశారు. కార్డియోలిపిన్ 18. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ గడిలో ఏమీ రాయలేదు, అసలు చేయలేదు. ఆ కాగితం మీదే ఇద్దరు డాక్టర్లూ రెండు మాటలు చెప్పారు. 12 వారాలు ఎప్పటికి నిండుతాయో క్యాలెండర్ మీద లెక్కపెట్టి ఎర్ర సున్నా చుట్టాం. ఆ రోజు మూడు పరీక్షలూ చేయించి, ఆ కాగితంతో కీళ్ళవాత నిపుణుల దగ్గరికి వెళ్ళాలని అనుకున్నాం. "అప్పటిదాకా ఎకోస్ప్రిన్ వేసుకోనా అక్కా?" అంది. డాక్టరుగారిని అడిగే చీటీలో అదే మొదటి ప్రశ్నగా రాశాం.